అరవై ముక్కల కట్ట



కుటుంబ పత్రికలో కార్డులాట గురించి వ్రాయడమేమిటని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చును. మేమును అట్టివారమే. మా ఇంట్లో పేక అన్న మాట వినపడదు. మా పెదనాన్నగారు మంచి రైతు, నెమ్మదస్తుడు. ఆయన పేకాటలో ఎకరమున్నర మాగాణి పోగొట్టుకున్నారు. ఆ పొలము గట్టు మీదనుండి బడికి వెళ్ళేటప్పుడు మా నాన్నగారు తల తిప్పుకొని నడిచేవారు. అది చూచి పెరిగినవారము గనుక, మా పిల్లలను పెండ్లి ఇళ్ళలో సైతము ముక్కలు ముట్టనివ్వలేదు.

2024వ సంవత్సరము ఫిబ్రవరిలో మేమిద్దరము టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మా మనవడికి అప్పుడు పదకొండేండ్లు. వెళ్ళిన మూడవ రోజున వాడు తన గదిలో నేల మీద వరుసగా ముక్కలు పరచుకొని కూర్చొనియుండగా చూచి మా గుండె జల్లుమన్నది. అవి పేకముక్కలు కావని, పోకెమాన్ అను ఆటవని అమ్మాయి నచ్చజెప్పినది. రాజు, రాణి, ఆటీను లేవు, రంగురంగుల జంతువుల బొమ్మలు ఉన్నవి. సరే, మన ఊళ్ళలో పిల్లలు అగ్గిపెట్టె అట్టలు, బబుల్‌గమ్ పొట్లములో వచ్చే క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు దాచుకునేవారు గదా, అట్టిదే అనుకొని ఊరుకున్నాము.

మార్చి 22న శుక్రవారము సాయంత్రము ఇంట్లో పెద్ద గొడవ జరిగినది. ఆ రోజున ఆ ఆటలో కొత్త శ్రేణి విడుదలయినది. దాని పేరు టెంపొరల్ ఫోర్సెస్. వాడు పుట్టినరోజు డబ్బులు దాచుకున్న డబ్బాలోనుండి ఎవరికీ చెప్పకుండ ముప్పదియారు డాలర్లు తీసి ఎనిమిది పొట్లములు కొన్నాడు. ఒక్కొక్క పొట్లములో పది ముక్కలుంటాయి, లోపల ఏమున్నదో విప్పేవరకు తెలియదు. వాడు కోరినది ప్రైమ్ క్యాచర్ అను ముక్క. ఎనిమిది పొట్లములు విప్పినా అది రాలేదు. వాడు మంచము మీద బోర్లపడి ఏడ్చాడు. మా అల్లుడుగారు ఆఫీసునుండి వచ్చి సంగతి విని, ఆ ముక్కలన్నీ ఒక సంచిలో వేసి గరాజులో పెట్టారు.

"మామయ్యగారూ, ఎకరమున్నర సంగతి మీరే గదా మాకు చెప్పారు. డబ్బిచ్చి, ఏమి వస్తుందో తెలియకుండ పొట్లము విప్పడము జూదము కాక మరేమిటండీ?" అన్నారు.

మాకు మాట రాలేదు. ఆయన అన్నదానిలో తప్పేమున్నది? అయితే పిల్లవాని ముఖము చూస్తే వేరుగా అనిపించినది. రాత్రి భోజనాల తరువాత అల్లుడుగారిని ఒక్కటి అడిగాము. ఆ సంచి ఎట్లాగూ గరాజులోనే ఉంటుంది గనుక, పారవేసేముందు ఆ ఆట ఏమిటో మేము నేర్చుకుంటాము, రెండు వారములు గడువివ్వండి అన్నాము. ఆయన నవ్వలేదు గాని ఒప్పుకున్నారు.

మాలో ఒకరు ముప్పదియేండ్లు హైస్కూలులో లెక్కలు చెప్పినవారు, మరొకరు అదే జీతముతో ఇల్లు నడిపినవారు. ఈ ఆటకు ఆ రెండు విద్యలూ పనికి వచ్చాయని ముందుగానే చెప్పుచున్నాము.

ఆట ఇట్లుంటుంది. ఈ ముక్కల ఆట మొదట 1996 అక్టోబరులో జపానులో వచ్చినది, 1999లో అమెరికాలో ఇంగ్లీషులో అమ్మకానికి పెట్టారు. పేకాటలో అందరికీ ఒకటే కట్ట. ఇందులో ఎవరి కట్ట వారిదే, ఇంటినుండి కట్టుకొని రావలెను. కట్టలో సరిగ్గా అరవై ముక్కలు ఉండాలి, ఒక్కటి ఎక్కువ గాని తక్కువ గాని పనికిరాదు. ఒకే పేరుగల ముక్క నాలుగుకు మించకూడదు. శక్తి ముక్కలని ఉంటాయి, వాటిలో సాధారణమైనవి మాత్రము ఎన్నైనా పెట్టుకొనవచ్చును. కలిపి ఏడు ముక్కలు చేతిలోకి తీసుకొని, ఆరు ముక్కలను చూడకుండ బోర్లించి బహుమతులుగా ప్రక్కన పెడతారు. ఎదుటివాని జంతువును పడగొట్టినప్పుడల్లా బహుమతి తీసుకుంటారు. పెద్ద జంతువులను పడగొడితే రెండేసి వస్తాయి. ఆరును ముందు తీసుకున్నవాడు గెలిచినట్లు. పందెము లేదు, పైకము లేదు. ఆ మాట రెండుసార్లు అడిగి తెలుసుకున్నాము.

మనవని ప్రియమైన కట్టలో పెద్ద చారిజార్డ్. 2023 ఆగస్టులో వచ్చిన శ్రేణిలోనిది. రెక్కలున్న పెద్ద బల్లి అనుకోండి. దాని దెబ్బ 180, ఎదుటివాడు మన మీద తీసుకున్న ఒక్కొక్క బహుమతికి మరి ముప్పది చొప్పున పెరుగుతుంది. అనగా మనము ఓడుచున్నకొద్దీ దాని బలము హెచ్చుతుంది. మాకు అది మొదటినుండి నచ్చినది. అయితే చారిజార్డ్ ఊరకే రాదు. మొదట చార్మాండర్ అను చిన్న పిల్లను బల్ల మీద పెట్టాలి, తరువాతి వంతులో గాని దానిని పెంచడానికి వీలులేదు. రేర్ క్యాండీ అను మిఠాయి ముక్క ఉంటే మధ్య మెట్టు దాటవేయవచ్చును. దానికి తోడు పిడ్జియాట్ అను పక్షి. అది బల్ల మీద ఉంటే ప్రతి వంతులో కట్టలోనుండి మనకు కావలసిన ఒక ముక్క వెదికి తీసుకొనవచ్చును. దానికి కూడ పిడ్జీ అను పిల్ల ముందుగా ఉండాలి. కావున ఈ కట్టకు ప్రాణము పెద్ద బొమ్మలలో లేదు, మొదటి వంతులో ఆ పిల్లలు బల్ల మీదికి రావడములో ఉన్నది. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది, దాని ఫలితము ముందు చెప్తాము.

ఇక కొత్త ముక్కలు ఎందుకు? ఉన్న కట్టతోనే ఆడుకొనవచ్చును గదా అని మేమును అడిగాము. వాడు ఒక ముక్కను తెచ్చి ఎడమ ప్రక్క అడుగున ఉన్న చిన్న అక్షరము చూపించాడు. ఇంగ్లీషు 'ఇ' అక్షరము. మరొక ముక్క మీద 'ఎఫ్', ఇంకొక దాని మీద 'జి', కొత్తవాటి మీద 'హెచ్'. ఏటేట పోటీలనుండి పాత అక్షరము గల ముక్కలను తొలగిస్తారట. ఆ సంవత్సరము ఏప్రిల్ 5నుండి 'ఇ' అక్షరపు ముక్కలు చెల్లవు. అనగా ఈస్టరు దాటిన శుక్రవారమునాడు వాని కట్టలో కొంత భాగము పనికిరానిదైపోతుంది. పాతవన్నీ ఉండనిస్తే ఏండ్ల తరబడి పేరుకున్న బలమైన ముక్కలున్నవారిదే రాజ్యమవుతుంది, కొత్తగా చేరిన పిల్లవాడు నిలువలేడు. ఆ మాట న్యాయమే. అట్లని కంపెనీవారు ధర్మానికి చేస్తున్నారని మేము అనుకోము. కేవలము 2023లోనే మార్చి, జూన్, ఆగస్టు, సెప్టెంబరు, నవంబరు నెలలలో అయిదు శ్రేణులు అమ్మారు. ప్రతిదానికి తండ్రుల జేబులే ఆధారము.

ఒక వెసులుబాటు ఉన్నది, అది తెలియక చాలమంది డబ్బు పోగొట్టుకుంటారు. పాత ముక్కనే అదే పేరుతో కొత్త అక్షరము వేసి మళ్ళీ ముద్రించినట్లయితే, మన దగ్గరున్న పాతది కూడ చెల్లుతుంది. వాని రేర్ క్యాండీలు, అల్ట్రా బాల్‌లు అట్లు బ్రతికిపోయాయి, ఎందుకనగా 2023 మార్చి శ్రేణిలో వాటిని తిరిగి ముద్రించారు. మాలో ఇల్లు నడిపినవారు వెంటనే, "అయితే కొనవలసినవి ఎన్నో ముందు లెక్క వేయరా" అన్నారు. సంచిలోనుండి కట్ట తీసి ఒక్కొక్కటి చూచాము. పోయేవి ముఖ్యముగా రెండు రకాలు. లెవెల్ బాల్ ఒకటి. నాలుగు బ్యాటిల్ వీఐపీ పాస్‌లు.

ఆ పాస్‌లను వాడు చేతిలో పట్టుకొని కాసేపు మాట్లాడలేదు. వాటిలో రెండు వాని స్నేహితుడు వేరే రాష్ట్రమునకు వెళ్ళిపోతూ ఇచ్చినవట.

"తాతయ్యా, ఇవి లేకపోతే నా కట్ట చచ్చిపోతుంది" అన్నాడు.

వాని మాట అబద్ధము కాదు. ఆ పాస్ మొదటి వంతులో వాడితే కట్టలోనుండి రెండు పిల్లలను వెదికి నేరుగా బల్ల మీద పెట్టవచ్చును. కొత్త శ్రేణిలో దానికి బదులుగా బడ్డీ బడ్డీ పాఫిన్ అను తినుబండారపు ముక్క వచ్చినది. అదియును రెండు పిల్లలను తెస్తుంది, అయితే ప్రాణబలము 70కి మించనివాటినే తెస్తుంది. చార్మాండర్ బలము 70, పిడ్జీది అంతకు లోపే. కావున వీని కట్టకు సరిగ్గా సరిపోయినది. పైగా పాస్‌ను మొదటి వంతు దాటితే వాడరాదు, చేతిలోకి ఆలస్యముగా వస్తే చిత్తు కాగితమే. పాఫిన్ ఎప్పుడైనా పనిచేస్తుంది. వాడు పొట్లములకు పోసిన ముప్పదియారు డాలర్లు ప్రైమ్ క్యాచర్ మెరుపు కోసము. వానికి నిజముగా కావలసినది ఈ మెరుపులేని పాఫిన్. ఎనిమిది పొట్లములలో అది ఒక్కటి వచ్చినది, వాడు దానిని చూడనైనా చూడలేదు, మంచము క్రింద దొరికినది.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. అరవైకి మించరాదు గనుక ఒకటి పెట్టాలంటే ఒకటి తీయాలి. పొట్లములలో ఏరి, మోర్టీ అను మనుష్యుల బొమ్మలున్న కొత్త ముక్కలు మూడు వచ్చాయి. చదివితే మంచి పనులే చేస్తాయి. వేటిని తీయాలిరా అంటే వాడు తేల్చుకోలేక పోతున్నాడు. మేము పెద్దరికము చూపించి, "ఈ చిన్న చిన్న పిల్లలు ఇన్ని ఎందుకు? రెండు చార్మాండర్లను, ఒక పిడ్జీని తీసివేయి" అన్నాము. కట్టలో పిల్లలు పది ఉండేవి, ఏడయినవి. వానికి లోపల ఇష్టము లేదు, అయినా తాతయ్య మాట కాదనలేక తీశాడు.

మరునాడు ప్రక్కింటి అబ్బాయితో నాలుగు ఆటలు ఆడాడు. నాలుగూ పోయినవి. మొదటి చేతిలో ఒక్క పిల్లయైనా లేకపోతే చెయ్యి ఎదుటివానికి చూపించి, మళ్ళీ కలిపి ఏడు తీసుకోవాలి. అట్లు చేసినప్పుడల్లా ఎదుటివాడు ఒక ముక్క అదనముగా తీసుకొనవచ్చును. మన వానికి ఒక ఆటలో మూడుసార్లు అట్లయినది. పైగా ఆ మనుష్యుల ముక్కలను వంతుకు ఒక్కటే వాడాలట. చేతిలో నాలుగు పోగై కూర్చున్నవి. ప్రక్కింటి అబ్బాయి మర్యాదస్తుడు, నవ్వలేదు. మా వాడు మా వంక చూడలేదు.

ఆ రాత్రి లెక్కల మాస్టారు కాగితము తీసి కూర్చున్నారు. అరవై ముక్కలలో పిల్లలు పదియుంటే, మొదటి ఏడింటిలో ఒక్కటీ రాకపోవడము వందకు ఇరువదియారు సార్లు, అనగా నాలుగింట ఒకసారి. పిల్లలు ఏడే ఉంటే వందకు నలుబదిసార్లు. మూడు ముక్కలే గదా అని తీసినందుకు ఇంత తేడా. ఇంకొక లెక్క కూడ వేశాము. ఒక ముక్కను నాలుగు పెట్టుకుంటే మొదటి చేతిలో కనీసము ఒకటైనా వచ్చుట కూడ వందకు నలుబదే. ఒక్కటే పెట్టుకుంటే వందకు పన్నెండు కూడ నిండవు, అది బోర్లించిన బహుమతులలో చిక్కుకొనుటకు పదింట ఒక పాలు. అందుకే ఆట తెలిసినవారు ముఖ్యమైనవాటిని నాలుగేసి పెడతారు, ఒక్కొక్కటిగా సంతలో కొన్నట్లు పెట్టరు.

ఉదయమున ఆ కాగితము మనవని ముందు పెట్టి, "తప్పు మాదేరా" అన్నాము. వాడు కాగితము రెండుసార్లు చదివి, "ఇది స్కూల్లో చెప్పలేదు తాతయ్యా" అన్నాడు. తరువాత ఆ లెక్క తానే వేయడము నేర్చుకొని, కట్ట ముందు కూర్చుండి మూడు సాయంత్రములు పని చేశాడు. పిల్లలు మళ్ళీ పది. పాస్‌ల స్థానములో నాలుగు పాఫిన్‌లు. లెవెల్ బాల్ స్థానములో ఇంకొక అల్ట్రా బాల్. మూడు కొత్త మనుష్యుల ముక్కలలో రెండింటిని వాడే పక్కన పెట్టాడు. ఒకటి ఉంచాడు, అదెందుకో మాకు అర్థము కాలేదు, అయితే ఈసారి మేము నోరు మెదపలేదు.

లేని మూడు పాఫిన్‌లు కొనాలి. ఇక్కడ అల్లుడుగారితో మాట్లాడవలసి వచ్చినది. దుకాణములో పొట్లములే కాక విడి ముక్కలు కూడ అమ్ముతారు. ఏది కొంటున్నామో కంటికి కనపడుతుంది, ధర దాని మీద వ్రాసియుంటుంది. మూడు పాఫిన్‌లకు అయిన ఖర్చు ఆ ఎనిమిది పొట్లముల ఖర్చులో మూడవ వంతు కూడ కాలేదు. అల్లుడుగారు కాగితములోని లెక్క చాలసేపు చూచారు. ఆయన కంప్యూటరు పనివారు, లెక్కకు లొంగుతారు. చివరకు అన్నారు, "పొట్లాలు మాత్రము వద్దండీ మామయ్యగారూ. విడిగా కొనుక్కోనివ్వండి. డబ్బాలో డబ్బు తీసేముందు నాకు చెప్పాలి." మేమును అదే అనుకున్నాము. పొట్లములోనే ఉన్నది పాము. ఆటలో లేదు. అయినా మాలో ఒకరికి ఇప్పటికీ ఆ ముక్కలు కలిపే చప్పుడు వింటే పెదనాన్నగారు గుర్తుకు వస్తారు, అది దాచడమెందుకు?

ఏప్రిల్ 6, శనివారము. దుకాణము వెనుక గదిలో పొడుగాటి బల్లలు, పిల్లలు పెద్దలు కలిసి ఇరువదిమందికి పైగా. గడ్డము నెరిసిన ఒకాయన, బడిపిల్లతో ఓడి, లేచి చెయ్యి కలిపాడు. ఒక కుర్రవాడు గోడ దగ్గర కూర్చొనియున్నాడు, అతని కట్టంతా మ్యూ అను జంతువు చుట్టూ కట్టినదట, ముందురోజుతో పెద్ద ముక్కలన్నీ చెల్లకుండ పోయాయట. అతడు ఊరకే చూడడానికి వచ్చాడు. అల్లుడుగారు మమ్ములను దింపి వెళ్ళిపోతామన్నవారు, వెళ్ళలేదు.

మొదటి ఆట మనవడు ఓడాడు. రెండవది గెలిచాడు. మూడవ ఆటలో చాల వెనుకబడ్డాడు. ఎదుటివాడు నాలుగు బహుమతులు తీసుకున్నాడు, వీని బల్ల మీద ఒక పక్షి తప్ప ఏమీ మిగలలేదు. అప్పుడు చేతిలోకి పాఫిన్ వచ్చినది. పాత పాస్ అయితే ఆ వేళకు చిత్తు కాగితము. వాడు రెండు చార్మాండర్లను తెచ్చి పెట్టాడు. తరువాతి వంతులో పక్షి వెదికి ఇచ్చిన మిఠాయితో చారిజార్డ్ లేచినది. నాలుగు బహుమతులు పోయినవి గనుక దాని దెబ్బ 300. "మూడు వందలా?" అని అల్లుడుగారు మా చెవిలో అడిగారు. లెక్క ఆయనకు అప్పటికే వచ్చేసినది. ఆ ఆట గెలవలేదు, గంట కొట్టేవేళకు సమముగా ముగిసినది. ఇంటికి వచ్చేదారిలో తండ్రీకొడుకులు ముందు సీట్లలో ప్రైమ్ క్యాచర్ అవసరమా లేదా అని వాదించుకుంటూనే ఉన్నారు. మేము వెనుక కూర్చొని నిద్ర నటించాము.

మన పాఠకులకు ఒక చిన్నమాట. మన తిరునాళ్ళలో, బడి దగ్గరి కొట్లలో బంగారు రంగు ప్లాస్టిక్ పోకెమాన్ ముక్కలు అమ్ముతారు. అవి అసలువి కావు, పోటీలలో ఒప్పుకోరు. పిల్లలు ఇంట్లో ఆడుకోవడానికి చాలు, అయితే వాటికి బంగారపు ధర ఇవ్వకండి.

మే నెలలో తిరిగి వచ్చేటప్పుడు మనవడు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. అందులో 'ఇ' అక్షరపు ముక్కలు, మిగిలిపోయినవి అన్నీ కలిపి రెండు వందలకు పైగా. పైన నాలుగు వీఐపీ పాస్‌లు వేరే కవరులో ఉన్నవి. "అమ్మమ్మా, ఊళ్ళో పిల్లలకు ఇవ్వు. వాళ్ళకు అక్షరము చూడవద్దని చెప్పు" అన్నాడు.

ఇప్పుడు మా ఊరిలో వేపచెట్టు క్రింద అరుగు మీద మా అబ్బాయి పిల్లలు, వీధిలోని మరి నలుగురు ఆ ముక్కలతో ఆడుతుంటారు. 2025 ఏప్రిల్‌లో అక్కడ 'ఎఫ్' అక్షరము కూడ పోయినదని మనవడు ఫోనులో చెప్పి, మరల కట్ట విప్పి కూర్చున్నానన్నాడు. ఇక్కడ ఏదీ పోలేదు. మొన్న సాయంత్రము చూస్తే, మూడవ తరగతి పిల్ల ఒకతె ఎనిమిదవ వంతులో వీఐపీ పాస్ వేసి రెండు పిల్లలను పెట్టుకున్నది. అట్లు వేయకూడదని చెప్పబోయి, ఆమె ముఖము చూచి ఊరుకున్నాము.